కాటా చీటీ, టైరు మీది అంకె

(క్రషింగు సీజనుకు ముందు చోడవరం ప్రాంత చెరకు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చెరకు ధర గురించి, బకాయిల గురించి చెప్పారు. అవి నేను మళ్లీ చెప్పను. అధ్యక్షులవారు నన్ను మాట్లాడమన్నది టైర్ల గురించి. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. నవ్వండి, పరవాలేదు. రైతు సంఘం మీటింగులో టైర్ల గోల ఏమిటని నాకూ ఒకప్పుడు అనిపించేది. ఇప్పుడు అనిపించదు. ఎందుకో ముందు చెబుతాను, లెక్కలు తరువాత.

పదకొండేళ్ల కిందట, జనవరి నెల. నా తోట నరికారు. నా ట్రాక్టరే, నా తొట్టే. కొన్ని ఊళ్లలో దాన్ని ట్రక్కు అంటారు, నేను తొట్టి అనే అంటాను. రెండు చక్రాల తొట్టి. ఫ్యాక్టరీ యార్డులో ఒకటిన్నర రోజు పడిగాపులు పడి తిరిగొచ్చాం. మళ్లీ వెళ్తే మళ్లీ అంతే, కాబట్టి ఉన్నదంతా ఒకే ట్రిప్పులో వేసేయమన్నాను. ఆ మాట అన్నది డ్రైవరు కాదు, నేను. కొసలు తాళ్లతో బిగించి, పైన ఇంకో వరస వేసి కట్టారు. మా ఊరి కుర్రాడు ఒకడు మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. కాలవ గట్టు మలుపులో ఎడమ టైరు పేలింది. తొట్టి ఒరిగి, ట్రాక్టరుని లాక్కుని పక్కకి పడింది. డ్రైవరు దూకేశాడు. కుర్రాడి కాలు చక్రం కింద పడిపోయింది. ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు. ఇప్పుడు ఊళ్లో చిన్న బడ్డీ పెట్టుకున్నాడు. రోజూ కనిపిస్తాడు. నన్నేమీ అనడు.

టైరు పాతదని, రోడ్డు బాగోలేదని చాలా రోజులు చెప్పుకుంటూ తిరిగాను. ఒకరోజు చొక్కా జేబులు వెతుకుతుంటే అంతకుముందు ట్రిప్పు కాటా చీటీ దొరికింది. అందులో బరువు రాసి ఉంది. పేలిన టైరు ఇంకా కొట్టాంలోనే పడి ఉంది. దాని పక్కన కూడా ఒక అంకె ఉంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆ టైరు పేలడంలో ఆశ్చర్యం లేదు, అన్నాళ్లు పేలకుండా ఉండటమే ఆశ్చర్యం. రెండు అంకెలూ నా దగ్గరే ఉన్నాయి. నేను చూడలేదు, అంతే.

మీకు ఈరోజు చెప్పాలనుకున్నది ఇదే. మిగతా బళ్లవాళ్లకి లేని ఒక సౌకర్యం చెరకు రైతుకి ఉంది. మన ప్రతి లోడూ కాటా మీదకి వెళ్తుంది. చీటీ మన చేతికి వస్తుంది. ఆ చీటీని మనం డబ్బుల కోసమే చూస్తాం. టైరు కోసం కూడా చూడాలి.

ముందు ఒక సంగతి. బరువు మోసేది రబ్బరు కాదు, గాలి. రబ్బరు, లోపలి దారాల పొరలు కలిపి గాలిని పట్టి ఉంచే సంచి మాత్రమే. 1888లో ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ ఊళ్లో డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించడానికి గాలి టైరు కట్టాడు. బండి టైరు కథ అక్కడ ఊపందుకుంది. ట్రాక్టర్లకయితే 1930ల దాకా ఇనుప చక్రాలే. 1932లో అమెరికాలో అలిస్ ఛామర్స్ కంపెనీ ట్రాక్టరుకి గాలి టైర్లు వేసి అమ్మింది. మన దగ్గర కూడా ఇనప పట్టా బండి పోయి టైరు బండి వచ్చినప్పుడు, అదే జత ఎడ్లు అంతకంటే ఎక్కువ బరువు ఎంత సుళువుగా లాగాయో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అది గాలి మహిమ. అందుకే గాలి తగ్గితే టైరు మోసే శక్తీ తగ్గుతుంది. టైరు కొత్తదైనా, గాలి లేకపోతే అది మోయలేదు.

గాలి తక్కువైతే ఏమవుతుంది? టైరు నేలకి ఆనినచోట పక్కలు ఉబ్బుతాయి, పైకి తిరిగాక మళ్లీ సర్దుకుంటాయి. మన తొట్టికి వేసే 20 అంగుళాల రిమ్ము టైరు కిలోమీటరుకి దగ్గర దగ్గర 300 సార్లు తిరుగుతుంది. 40 కిలోమీటర్లకి 12 వేల సార్లు పక్కలు మడతపడి లేస్తాయి. ఇనప తీగని అటూ ఇటూ వంచి చూడండి, వంచినచోట వేడెక్కుతుంది. టైరు పక్కలోనూ అంతే. వేడికి రబ్బరుకీ పొరలకీ మధ్య పట్టు వదులుతుంది. ఒకచోట విడిపోతుంది. ఆ తరువాత గుంతలో పడినప్పుడో, మలుపులో బరువంతా ఒక పక్కకి వచ్చినప్పుడో పేలుతుంది. మనం గుంతని తిడతాం. పని గుంతకి ముందే అయిపోయింది.

ఇక్కడ దూరం సంగతి చెప్పాలి. ఉమ్మడి విశాఖ జిల్లాలో నాలుగు సహకార చక్కెర ఫ్యాక్టరీలు ఉండేవి. గోవాడ, తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ. ఏ ఊరి చెరకు ఆ దగ్గరి ఫ్యాక్టరీకి వెళ్లేది. వాటిలో ఎక్కువ మూతపడ్డాయి. చెరకు వేసినవాడు బెల్లం వండి అనకాపల్లి మార్కెట్టుకి పంపాలి, లేదా దూరం తోలాలి. పది కిలోమీటర్లు తోలిన తొట్టి ఇప్పుడు అంతకు రెండు మూడింతలు తోలాల్సి వస్తోంది. టైరు వేడి దూరంతో పెరుగుతుంది. పదికి తట్టుకున్న టైరు, అదే బరువుతో, అదే గాలితో నలభైకి తట్టుకోకపోవచ్చు. ఫ్యాక్టరీ మూసివేతల నష్టాల లెక్కలో ఈ పద్దు ఎవరూ రాయలేదు. అది మన టైర్ల మీదా, మన పిల్లల కాళ్ల మీదా పడింది.

ఇప్పుడు టైరు మీది అంకెలు. ఇంటికెళ్లాక ఒక తడిగుడ్డ పట్టుకుని తొట్టి దగ్గర కూర్చోండి. టైరు పక్క తుడవండి.

మొదటిది సైజు. 9.00-20 అనో, 10.00-20 అనో ఉంటుంది. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము, రెండూ అంగుళాల్లో. దాని పక్కన 16 పీఆర్ అని ఉంటుంది. అంటే లోపల 16 పొరలు ఉన్నాయని కాదు. వెనకటి నూలు పొరల లెక్కలో ఎంత బలమో చెప్పే అంకె అది. ఇప్పటి నైలాను టైర్లో పొరలు అంతకంటే తక్కువే ఉంటాయి. ఒకే సైజులో పీఆర్ ఎక్కువ ఉన్న టైరు ఎక్కువ గాలి పట్టి, ఎక్కువ బరువు మోస్తుంది. అంచేత సైజు ఒకటే కదా అని తక్కువ పీఆర్ టైరు తెచ్చి వేస్తే మోసపోయినట్టే.

రెండోది లోడ్ ఇండెక్సు. 146/143 కె, ఇలా ఉంటుంది. ఇది కిలోలు కాదు, పట్టికలోని వరస నంబరు. 120 అంటే 1,400 కిలోలు. 130 అంటే 1,900. 140 అంటే 2,500. 146 అంటే 3,000. 150 అంటే 3,350. రాసుకోండి, ఈ అంకెలు ఏ కంపెనీ టైరుకైనా ఒకటే. గీతకి ముందున్నది ఒక పక్క ఒకే టైరు ఉన్నప్పుడు. గీత తరువాతది జంట టైర్లకి. 143 అంటే 2,725 కిలోలు. జంటలో ఎందుకు తగ్గించారు? రెండు టైర్లూ ఎప్పుడూ సమానంగా మొయ్యవు. రోడ్డు మధ్యలో ఎత్తుగా ఉంటుంది, ఒక టైరు కొంచెం పెద్దదిగా ఉంటుంది. పెద్ద టైరు మీద ఎక్కువ పడుతుంది. అందుకని నాలుగు టైర్ల ఇరుసుకి నాలుగు మూళ్లు 12 టన్నులు అని లెక్క వేసుకోకండి. నాలుగు టైర్లకి 10,900 కిలోలే.

చివర ఇంగ్లిషు అక్షరం వేగానికి. కె అంటే గంటకి 110 కిలోమీటర్లు, జె అంటే 100, ఎ8 అంటే 40. ఇక్కడ మీలో ఒకరు అడుగుతారు, మనం పాతిక ముప్పైలో వెళ్తాం కదా, లారీ టైరు ఇంకా ఎక్కువ మొయ్యదా అని. మంచి ప్రశ్న. వేగం తగ్గితే కొంత అదనపు బరువుకి కంపెనీల పట్టికలు ఒప్పుకుంటాయి. కానీ అది బాగున్న టైరుకి, ఆ పట్టికలో చెప్పినంత గాలి ఉన్నప్పుడు. మన తొట్టికి ఉన్న టైరు ఎలాంటిదో మనకి తెలుసు. ఆ అదనం మనది కాదనుకుని వదిలేయడం మంచిది.

మూడోది గాలి. చాలా టైర్ల పక్కన మాక్స్ లోడ్ అని, ఇన్ని కిలోలు అని, ఇన్ని పీఎస్ఐ అని రాసి ఉంటుంది. మనం పంచర్ షాపులో పాయింట్లు అంటామే, అవే పీఎస్ఐ. ఆ బరువు మోయాలంటే ఆ గాలి ఉండాలని దాని అర్థం. దానికంటే ఎక్కువ గాలి కొట్టి ఎక్కువ బరువు వేస్తామంటే కుదరదు. ఎక్కువ గాలి కొట్టిన టైరు మధ్యలో అరుగుతుంది, రాయి తగిలితే దెబ్బ మింగలేక పగులుతుంది.

నాలుగోది వయసు. చివర నాలుగు అంకెలు గుండ్రటి గడిలో ఉంటాయి. 3519 అంటే 2019వ సంవత్సరం 35వ వారంలో తయారైంది. మూడే అంకెలుంటే 2000 సంవత్సరానికి ముందుది. అలాంటిది దొరికితే వెయ్యకండి, ఇంటి ముందు మొక్క నాటుకోండి.

ఇక కాటా దగ్గరికి వద్దాం. చీటీలో మొత్తం బరువు, ఖాళీ బరువు, చెరకు బరువు ఉంటాయి. మొత్తం బరువులో ట్రాక్టరు కూడా కలిసి ఉంది. మనకి కావలసింది తొట్టి ఇరుసు మీద ఎంత పడుతోందో. దానికి ఒక పద్ధతి ఉంది. కాటా దిగేటప్పుడు ట్రాక్టరు చక్రాలు కిందకి దిగి, తొట్టి చక్రాలు మాత్రం కాటా మీద ఉండేచోట ఒక్క నిమిషం ఆపండి. అక్కడ వచ్చే అంకే ఇరుసు బరువు. దాన్ని టైర్ల సంఖ్యతో భాగించండి. నాలుగు చక్రాల తొట్టి అయితే ముందు ఇరుసు, వెనక ఇరుసు వేరువేరుగా చూడండి.

ఒక లెక్క చెబుతాను. రెండు టైర్ల తొట్టి, ఇరుసు మీద 7,600 కిలోలు వచ్చిందనుకోండి. ఒక్కో టైరు మీద 3,800. టైరు మీద 146 ఉంది, అంటే 3,000. ప్రతి టైరు మీద 800 కిలోలు ఎక్కువ. కొత్త టైరు, నిండా గాలి ఉన్నా ఇదే లెక్క. పైగా చెరకు మోపులు రెండు పక్కలా సమానంగా పడవు. అందుకే పదిశాతం వదిలేసి, ఒక్కో టైరుకి 2,700 చొప్పున ఇరుసు మీద 5,400కి మించకూడదని పెట్టుకోవాలి. అంటే ఇరుసు మీద రెండు టన్నులకి పైగా తగ్గించాలి. కష్టంగానే ఉంటుంది. ఆ రెండు టన్నులే మా కుర్రాడి కాలు తీసుకున్నాయి.

టైరు ఒక్కటే చూసి ఊరుకోకండి. ఇరుసు, బేరింగు, రిమ్ము, ట్రాక్టరు కొక్కెం, వీటిలో ఏది తక్కువ మోస్తే అదే మన తొట్టి బరువు. టైరు మార్చి పెద్దది వేశాం కదా అని లోడు పెంచితే ఇరుసు విరుగుతుంది.

రెండు చక్రాల తొట్టిలో ఇంకో సంగతి. బరువులో కొంత భాగం కొక్కెం మీదుగా ట్రాక్టరు వెనక చక్రాల మీద పడుతుంది. చెరకు తొట్టి ముందుకి ఎక్కువ పేరిస్తే ట్రాక్టరు ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. వెనక్కి ఎక్కువ పేరిస్తే కొక్కెం పైకి లేస్తుంది, వెనక చక్రాల పట్టు, బ్రేకు పట్టు పోతాయి. ఇరుసుకి కొంచెం ముందుకి బరువు ఉండేలా, అంతటా సమంగా పేర్చాలి.

ట్రాక్టరు వెనక టైర్లకి పొలంలో ఒక గాలి, రోడ్డు మీద ఒక గాలి. చాలా ట్రాక్టర్ల పుస్తకాల్లో పొలంలో 12 పాయింట్ల దగ్గర, బరువు లాగేటప్పుడు 16 నుంచి 18 దగ్గర ఉంటుంది. మీ ట్రాక్టరు పుస్తకంలో ఏముందో చూసి అదే పెట్టండి. పొలం గాలితో రోడ్డు మీద లోడు లాగితే టైరు పక్కలు నలిగిపోతాయి. రోడ్డు గాలితో పొలంలో దిగితే నేల గట్టిపడుతుంది. నరికిన తోటలో కార్శి ఉంచుకునేవాళ్లు ఇది మరీ చూసుకోవాలి. మొదళ్ల పక్క నేల గట్టిపడితే పిలకలు, వేర్లు ఇబ్బంది పడతాయి.

ఇప్పుడు మనం టైర్లు ఎక్కడ కొంటున్నామో చెప్పుకుందాం. కొత్తవి కొనేవాళ్లు చేతులెత్తండి. చూశారా, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లం విశాఖ వెళ్తాం. ఆటోనగర్, గాజువాక వైపు. ఓడరేవుకీ, స్టీలుప్లాంటుకీ బొగ్గు, ఖనిజం, ఇనుము మోసే లారీల కింద అరిగిన టైర్లు అక్కడ దొరుకుతాయి. తప్పు పట్టడం లేదు. కొత్త టైరు ధర మనకి తెలుసు, చెరకు డబ్బు ఎప్పుడొస్తుందో మనకి తెలీదు. కానీ ఒక మాట ఆలోచించండి. లారీవాడు ఇక ఇది మొయ్యదని తీసేసిన టైరుని, వాడు మోసినదాని కంటే ఎక్కువ బరువు మొయ్యమని మనం తెచ్చుకుంటున్నాం.

పాత టైరు కొనక తప్పకపోతే ఇవి చూడండి. పక్కన అంకెలు చదవడానికి ఉండాలి. అంకెలు చెరిగిపోయినా, చెరిపేసినా కొనకండి. ఏం మోస్తుందో తెలియని టైరు మనకి వద్దు. లోపల చెయ్యి పెట్టి తడమండి. ముడతలు, దారాలు తగిలితే అది తక్కువ గాలితో తిరిగిన టైరు. పక్కన ఉబ్బు, బీటలు ఉంటే వదిలేయండి. రీబటన్ టైరు అంటే చెడ్డదని కాదు. విమానాల టైర్లకీ పైరబ్బరు మళ్లీ మళ్లీ వేస్తారు. లోపలి ఒళ్లు గట్టిగా ఉందా లేదా అన్నదే ప్రశ్న. పైన కొత్త బటన్ నిగనిగలాడుతుంటే లోపలి ఒళ్లు చూడటం మరిచిపోతాం, అక్కడే ప్రమాదం.

ఒకే ఇరుసుకి ఒక పక్క నైలాను, ఇంకో పక్క రేడియల్ వెయ్యకండి. ఒక పక్క కొత్తది, ఇంకో పక్క బోడిది కూడా వద్దు. జంట టైర్లలో రెండూ ఒకే ఎత్తు ఉండాలి. మధ్యలో రాయి ఇరుక్కుంటే అప్పటికప్పుడు తీసేయాలి.

గాలి ఎలా చూడాలి? కాలితో తన్ని చూస్తాం. రాడ్డుతో కొట్టి శబ్దం వింటాం. పూర్తిగా దిగిపోయిన టైరు అలా తెలుస్తుంది. ఇరవై పాయింట్లు తగ్గిన టైరు అలా తెలీదు. రేడియల్ టైరయితే గాలి సరిగా ఉన్నా పక్కలు కొంచెం ఉబ్బినట్టే కనిపిస్తాయి, కంటితో అసలు చెప్పలేం. గేజి కావాలి. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. పొద్దున్నే, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. తోలాక వేడికి గాలి పెరిగినట్టు చూపిస్తుంది. అది చూసి గాలి వదిలేస్తారు కొందరు. వదలకండి. చల్లారాక అది తక్కువైపోతుంది. వేడికి మరీ ఎక్కువ పెరిగిందంటే బరువు ఎక్కువైంది, లేదా పొద్దున్న గాలి తక్కువుందని అర్థం. బరువు తగ్గించండి, గాలి కాదు. వాల్వు మూత పోతే కొత్తది పెట్టండి. దుమ్ము వెళ్లి పిన్ను దగ్గర గాలి నెమ్మదిగా పోతుంది.

డ్రైవరు తమ్ముళ్లకి ఒక హెచ్చరిక. 20 అంగుళాల రిమ్ములకి లాక్ రింగు ఉంటుంది. రింగు సరిగ్గా కూర్చోకపోతే గాలి కొడుతుండగా కత్తిలా ఎగిరి వస్తుంది. ఎదురుగా నిలబడకండి. ఇనప బోనులో పెట్టి గాలి కొట్టించండి, లేదా గొలుసుతో చుట్టించి దూరం నుంచి కొట్టించండి. చక్రం విప్పేముందు గాలి పూర్తిగా తీసేయండి. టైరు ఉండగా రిమ్ముకి వెల్డింగు చేయించకండి. పేలుతుంది. ఇందులో పంచర్ షాపు కుర్రాళ్ల ప్రాణం కూడా ఉంది.

ఇప్పటిదాకా మన తప్పులు చెప్పాను. కానీ మనం సరదాకి ఓవర్‌లోడు వెయ్యడం లేదు కదా. ఎందుకు వేస్తున్నాం? కటింగ్ ఆర్డరు వచ్చాక నరికిన చెరకు ఎండిపోతుంది, ప్రతి రోజూ బరువు తగ్గుతుంది. యార్డులో రోజులు గడుస్తాయి. ట్రాక్టరుకి ఫైనాన్సు కిస్తీ ఉంది. కూలీకి, డీజిలుకి ఇచ్చేది ట్రిప్పుకి లెక్క, మనకి వచ్చేది టన్నుకి లెక్క. అంచేత ఒకే ట్రిప్పులో ఎక్కువ టన్నులు వేస్తాం. యార్డులో నాలుగు గంటల్లో దించేస్తే ఎవడికి కావాలి ఆ పై వరస? బరువు పెంచుతున్నది మన ఆశ ఒక్కటే కాదు, ఆ క్యూ కూడా.

చట్టం మాత్రం క్యూ సంగతి అడగదు. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చాక ఓవర్‌లోడుకి 20 వేల రూపాయల జరిమానా, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకి 2 వేలు. తోలినవాడికే కాదు, తోలించినవాడికీ వర్తిస్తుంది. ప్రమాదం జరిగి, ఓవర్‌లోడు ఉందని, పైన మనుషులు కూర్చున్నారని తేలితే ఇన్సూరెన్సు దగ్గర ఎంత చిక్కు పడతామో పడ్డవాళ్లకి తెలుసు.

అందుకని సంఘం తరఫున రెండు పనులు ప్రతిపాదిస్తున్నాను. ఒకటి మనం చేయాల్సింది, ఒకటి అడగాల్సింది.

మనం చేయాల్సింది. ప్రతి ఊరి కమిటీ ఒక గేజి కొనాలి, ఒక నోటు పుస్తకం పెట్టాలి. సీజను మొదలయ్యేముందు ఊళ్లో ప్రతి తొట్టి టైర్ల అంకెలు, తయారీ వారం, ఆ తొట్టి ఎంత మోయొచ్చో రాసి, ఆ అంకెని తొట్టి వెనక పెద్ద అక్షరాలతో రంగు వేయించాలి. అప్పుడు డ్రైవరు పై వరస వద్దంటే, వద్దనడానికి వాడికో ఆధారం ఉంటుంది. యజమాని ముందు ఒంటరిగా నిలబడక్కరలేదు. లోడు మీద, మడ్‌గార్డు మీద, కొక్కెం మీద మనిషి కూర్చోకూడదు. ఇది మాత్రం ఏ సాకూ వినకుండా అమలు చేయాలి.

ఫ్యాక్టరీని, ప్రభుత్వాన్ని అడగాల్సింది. కాటా చీటీలో తొట్టి ఇరుసు బరువు కూడా అచ్చు వెయ్యాలి. కాటా అక్కడే ఉంది, ఒక నిమిషం ఆపితే చాలు. యార్డులో గేజి ఉన్న గాలి మిషను పెట్టాలి. టైము ఇచ్చి టోకెన్లు ఇవ్వాలి, ఆ టైము దాటి ఆపితే వెయిటింగు చార్జీ ఇవ్వాలి. దగ్గరి ఫ్యాక్టరీ మూతపడి దూరం తోలుతున్న రైతుకి ఆ అదనపు కిలోమీటర్లకి రవాణా ఖర్చు ఇవ్వాలి. ఇవి అడిగినప్పుడు వాళ్లు మనల్ని ఒక ప్రశ్న అడుగుతారు. ముందు మీరు ఓవర్‌లోడు మానేశారా అని. అప్పుడు మన నోటు పుస్తకం వాళ్ల బల్ల మీద పెట్టగలగాలి.

చివరగా. కొట్టాంలో ఆ పేలిన టైరు ఇంకా ఉంది. ఆ చీటీ కూడా దాచాను. ఎవరైనా మా ఇంటికి వస్తే రెండూ చూపిస్తాను. కానీ మీరు రావక్కరలేదు. మీ జేబులో నిన్నటి సీజను చీటీ ఒకటైనా ఉంటుంది, మీ వాకిట్లో తొట్టి ఉంది. ఈరోజు చీకటి పడకముందే ఒక తడిగుడ్డ తీసుకుని ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. తక్కువ తేలితే రేపు సంఘం ఆఫీసుకి వచ్చి చెప్పండి. సిగ్గుపడకండి. నాది మీ అందరి కంటే ఎక్కువ తేలింది.